గ్యాస్ నింపించినా చల్లబడని ఏసీ: వైజాగ్‌లో 2024 వేసవి నా అనుభవం

మాది వైజాగ్, లాసన్స్ బే కాలనీ. మూడో అంతస్తు, బాల్కనీలోకి వస్తే సముద్రం కనిపిస్తుంది. బెడ్‌రూమ్‌లో 2021 మార్చిలో కొన్న ఒకటిన్నర టన్నుల త్రీ స్టార్ ఇన్వర్టర్ ఏసీ ఉంది. 2024 ఏప్రిల్ మధ్యలో మొదలైన దాని గొడవ జూన్ రెండో వారానికి గానీ తెమల్లేదు. ఇప్పుడు చాలామంది ఇళ్ళల్లో ఇదే జరుగుతోందని మా అపార్ట్‌మెంట్‌లో అడిగితేనే తెలిసింది కాబట్టి, ఏం జరిగిందో, ఎంత ఖర్చయిందో వరసగా రాస్తున్నాను.

ఏప్రిల్ రెండో వారంలో ఒక రాత్రి అమ్మ "ఏరా, ఏసీ వేశావా లేదా" అంది. వేసే ఉంది, 24లోనే ఉంది, గాలి వస్తోంది, కానీ ఆ గాలిలో చలువ లేదు. ఫిల్టర్లు తీసి కడిగాను, అవుట్‌డోర్ యూనిట్ మీద నీళ్ళు కొట్టాను, ఏమీ మారలేదు. మిగతా ఊళ్ళ వాళ్ళకి ఇది చిన్న విషయంగా అనిపించొచ్చు. సముద్రం ఒడ్డున మాత్రం ఎండ కంటే ఉక్కపోత ఎక్కువ చంపుతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కాబట్టి ఇక్కడ కూలర్ పెట్టినా ఉపయోగం ఉండదు, గది ఇంకా జిగటగా తయారవుతుంది. అమ్మకి ఫిబ్రవరిలో మోకాలి ఆపరేషన్ అయింది, ఎక్కువసేపు మంచం మీదే. పాపకి బైపీసీ, మే 16న ఎంసెట్. ఇద్దరూ ఆ గదిలోనే.

ఏప్రిల్ 15న కంపెనీ సర్వీస్ నంబర్‌కి ఫోన్ చేశాను. మూడేళ్ళు దాటింది కాబట్టి మొత్తం యూనిట్‌కి ఇచ్చే ఏడాది వారంటీ ఎప్పుడో పోయింది. కంప్రెసర్‌కి పదేళ్ళు, పీసీబీకి (ఏసీని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు) ఐదేళ్ళు ఉంది. చాలామందికి "పదేళ్ళ వారంటీ" అన్న పెద్ద స్టిక్కరే గుర్తుంటుంది, అది ఒక్క కంప్రెసర్‌కే. కాయిల్ (గ్యాస్ తిరిగే రాగి గొట్టాల అమరిక), గ్యాస్, లేబర్ ఇవేవీ అందులోకి రావు. విజిటింగ్ ఛార్జీ జీఎస్టీతో కలిపి 590 రూపాయలు, ఇరవై నాలుగు గంటల్లో వస్తామన్నారు. మనిషి వచ్చింది 19వ తేదీ సాయంత్రం. ఈలోపు రోజూ "మీ టెక్నీషియన్ బయల్దేరారు" అని మెసేజ్ వచ్చేది, తర్వాత కాల్ రీషెడ్యూల్ అయిందని ఇంకోటి వచ్చేది. సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంటే ఆ మెసేజ్‌లు చూసి వచ్చే కోపం ఇంతా అంతా కాదు.

వచ్చినతను పది నిమిషాల్లో తేల్చేశాడు. అవుట్‌డోర్ దగ్గర ఒత్తిడి కొలిచే గేజ్ పెట్టి "గ్యాస్ అయిపోయింది సార్, ఫుల్ గ్యాస్ ఫిల్లింగ్ 3,300" అన్నాడు. ఎక్కడ పోయిందని అడిగితే "మూడేళ్ళయింది కదా సార్, వాడగా వాడగా తగ్గుతుంది" అన్నాడు.

ఇక్కడ ఆగి ఒక్క మాట. ఏసీలో గ్యాస్ వాడకానికి తగ్గేది కాదు. వంటగ్యాస్ మండి ఖర్చయిపోతుంది, ఇది అలా కాదు. రాగి గొట్టాల్లో మూసి ఉన్న దారిలో అదే గ్యాస్ ఆవిరై, మళ్ళీ ద్రవమై, తిరుగుతూనే ఉంటుంది. ఫ్యాక్టరీలో ఎంత పోశారో పదేళ్ళ తర్వాతా అంతే ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో కన్నం పడినట్టే. నాకు ఈ సంగతి తెలుసు, అతనితో అన్నాను కూడా. "లీక్ చూడాలంటే యూనిట్ దింపి వర్క్‌షాప్‌కి పంపాలి సార్, సీజన్ కదా, పదిహేను రోజులు పడుతుంది. ముందు గ్యాస్ వేయించుకోండి, ఎండాకాలం గడిచిపోతుంది" అన్నాడు. లోపల గదిలో పాప తడిగుడ్డ మెడకి చుట్టుకుని చదువుతోంది. వేయమన్నాను. వ్యాక్యూమ్ పంప్ తేలేదు, తూకం తేలేదు, ఉన్న గ్యాస్ మీదే సిలిండర్ తిప్పి గేజ్ చూసుకుంటూ కొంత ఎక్కించాడు. బిల్లు మీద మాత్రం "ఫుల్ ఛార్జ్" అని రాశాడు. ఆ బిల్లు దాచిపెట్టాను, తర్వాత అదే పనికొచ్చింది.

ఆ రాత్రి గది ఐసుముద్దలా ఉంది. అమ్మ దుప్పటి అడిగింది. నెలాఖరు దాకా బాగానే నడిచింది.

మే 2 తెల్లవారుజామున మంచం మీద టప్ టప్ మని నీళ్ళు. ఇండోర్ యూనిట్ మూత తీసి చూస్తే కాయిల్ ఎడమ పక్క సగం తెల్లగా మంచు కట్టింది, కుడి పక్క సగం పొడిగా ఉంది. బయటికెళ్ళి చూస్తే అవుట్‌డోర్ దగ్గర సన్న పైపు నట్టు మీద కూడా మంచే. ఇది గుర్తు పెట్టుకోండి. ఫిల్టర్ మూసుకుపోయినా కాయిల్ మీద మంచు కడుతుంది, కానీ అప్పుడు దాదాపు మొత్తం కడుతుంది. ఫిల్టర్ శుభ్రంగా ఉండి, కాయిల్‌లో ఒక ముక్కే మంచు కట్టి, బయట సన్న పైపు కూడా తెల్లబడితే అనుమానించాల్సింది గ్యాస్‌నే. ఆ మంచు కరిగిన నీళ్ళు ట్రేలోకి కాకుండా పక్కల నుంచి కారతాయి, అందుకే మంచం తడిసింది. చాలామంది డ్రెయిన్ పైపు జామ్ అయిందనుకుని దాన్ని ఊదించుకుని ఊరుకుంటారు.

రెండు వందల యాభై పెట్టి కొన్న చిన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి ఉంది ఇంట్లో. దాన్ని ఏసీ గాలి వచ్చేచోట పెడితే 25 చూపించింది, గదిలో 32. బాగా పనిచేసే ఏసీలో ఈ రెండింటికీ పది, పన్నెండు డిగ్రీల తేడా ఉండాలి. మాదాంట్లో ఏడే ఉంది, అది కూడా రోజు రోజుకీ తగ్గుతోంది. రాత్రి పడుకునే ముందు, పొద్దున్న లేచాక కరెంటు మీటర్ రీడింగ్ చూస్తే ఏసీ ఒక్కటే ఆరేడు యూనిట్లు లాగుతోంది. గది చల్లబడదు కాబట్టి కంప్రెసర్ ఆగదు, నెమ్మదించదు, రాత్రంతా తిరుగుతూనే ఉంటుంది. అంటే చలువా లేదు, బిల్లూ తగ్గదు.

మళ్ళీ కంపెనీకి ఫోన్. 6వ తేదీ సోమవారం ఇంకొకతను వచ్చాడు. గేజ్ పెట్టి, "లీక్ ఉన్నట్టుంది సార్. మొన్న నింపిన గ్యాస్ మీద వారంటీ లీక్‌కి వర్తించదు. మీరు రెగ్యులర్ కస్టమర్ కాబట్టి లేబర్ తీసేస్తాను, గ్యాస్‌కి 2,500 ఇవ్వండి, మళ్ళీ వేసేస్తాను" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. గ్యాస్ మీద వారంటీ ఉంది, కానీ గ్యాస్ పోతే వర్తించదట. లీక్ లేకుండా గ్యాస్ ఎలా పోతుంది? మరి దేనికి వర్తిస్తుంది ఆ వారంటీ? వద్దని పంపేశాను, విజిట్ రిపోర్ట్‌లో "లీక్ అనుమానం, కస్టమర్ గ్యాస్ ఫిల్లింగ్ నిరాకరించారు" అని రాయించుకున్నాను. మీరూ రాయించుకోండి. నోటి మాటకి తర్వాత విలువ ఉండదు.

మర్నాడు 1915కి ఫోన్ చేశాను. అది కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. లైన్ దొరకడానికి కాసేపు పట్టింది గానీ, ఆ అమ్మాయి ఓపిగ్గా విని, బిల్లు, రిపోర్ట్ అప్‌లోడ్ చేయమని చెప్పి, డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) ఇచ్చింది. దాన్ని కంపెనీకి పంపిస్తారు. దాని సంగతి చివర్లో చెప్తాను.

ఈలోపు ఏసీ పని ఆగదు కదా. మా కింది ఫ్లోర్‌లో ఉండే మాస్టారు ఒక మెకానిక్ నంబర్ ఇచ్చారు. ఫోన్‌లో అతన్ని అడిగింది ఒక్కటే, లీక్ పట్టుకోవడానికి నైట్రోజన్ ఉందా అని. "ఉంది సార్, లీక్ దొరక్కుండా నేను గ్యాస్ వెయ్యను" అన్నాడు. లీక్ టెస్ట్‌కి వెయ్యి, 8వ తేదీ పొద్దున్న వస్తానన్నాడు, వచ్చాడు.

అతని పని నేను దగ్గరుండి చూశాను. ముందు ఏసీ నడుస్తుండగానే టాంగ్ టెస్టర్ తీగకి తగిలించి కరెంటు చూశాడు, మూడు ఆంపియర్లు దాటడం లేదు, ఫుల్ లోడ్ మీద ఆరు పైనే ఉండాలన్నాడు. తర్వాత అలెన్ కీతో అవుట్‌డోర్ వాల్వు మూసి మిగిలిన కాస్త గ్యాస్‌ని బయట యూనిట్‌లోకి లాగి, రెండో వాల్వు కూడా మూసేశాడు. దీన్ని పంప్ డౌన్ అంటారు. అప్పుడు లోపలి యూనిట్, పైపులు మాత్రమే విడిగా ఉంటాయి. వాటిలోకి నైట్రోజన్ ఎక్కించి గేజ్ ముల్లు 300 దగ్గర ఆపాడు. మా ఆవిడని షాంపూ ప్యాకెట్ అడిగి, గిన్నెలో నీళ్ళతో కలిపి నురగ చేసి, పెయింటింగ్ బ్రష్‌తో ముందు పైపులు కలిసేచోట ఉండే ఫ్లేర్ నట్లకి పూశాడు. సగం లీకులు అక్కడే ఉంటాయట, బిగిస్తే సరిపోతుందట. మావి బాగానే ఉన్నాయి. కానీ అరగంటలో ముల్లు 270కి దిగింది.

"అయితే కాయిలే సార్" అని ఇండోర్ యూనిట్ గోడ మీంచి దింపాడు. కాయిల్ విప్పి, రెండు కొనలూ బిగించి, మళ్ళీ నైట్రోజన్ పట్టి, బాత్రూమ్‌లో పెద్ద టబ్ నిండా నీళ్ళు పట్టించి అందులో ముంచాడు. కాసేపు ఏమీ లేదు. ఫిన్స్ (కాయిల్ మీది పలచని రేకులు) మధ్య ఇరుక్కున్న గాలి బుడగలన్నీ పైకొచ్చేశాక, నీళ్ళు తేటపడ్డాక, కుడి చివర మూడో యూ బెండ్ వెనక నుంచి ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి, ఆగకుండా. వేలు పెట్టి చూపించి "ఇదిగోండి మీ 3,300" అన్నాడు. కాయిల్ నీళ్ళలో కాస్త తిప్పితే ఇంకో రెండు చోట్ల కూడా, ఇంకా సన్నగా, ఆగి ఆగి వస్తున్నాయి. ఆ చోట గుడ్డతో తుడిస్తే నల్లగా జిడ్డు అంటింది. కంప్రెసర్ నూనె కొంత గ్యాస్‌తో పాటే తిరుగుతుంది కాబట్టి, గ్యాస్ కారే చోట నూనె మరక పడుతుంది. మీ ఏసీ మూత తీసినప్పుడు కాయిల్ చివర్ల మీద ఇలాంటి జిడ్డు మరక కనిపిస్తే ఫొటో తీసి పెట్టుకోండి.

నేను ఉప్పుగాలి అనుకున్నాను. అతను వేరే ప్రశ్న వేశాడు: "ఈ గదిలో ఈ మధ్య వుడ్ వర్క్ చేయించారా?" చేయించాం. 2022 చివర్లో గోడ నిండా వార్డ్‌రోబ్, ప్లైవుడ్, లామినేట్, ఆ జిగురు వాసన నెలల తరబడి పోలేదు. ఉప్పుగాలి ఎక్కువగా తినేది అవుట్‌డోర్ యూనిట్‌ని, ఫిన్స్ పొడిపొడిగా రాలిపోతాయి. లోపలి కాయిల్ రాగిని తినేది గదిలోని ఆవిర్లు. ప్లైవుడ్, జిగుర్లు, పెయింట్ల నుంచి వచ్చే ఆవిర్లలో ఫార్మిక్, ఎసిటిక్ లాంటి ఆమ్లాలు తయారవుతాయి. తలుపులు మూసిన గదిలో ఏసీ అదే గాలిని పదే పదే లాగి, ఎప్పుడూ తడిగా ఉండే రాగి మీద నుంచి పంపుతుంది. తర్వాత నేను దీని గురించి చదివాను. చీమల పుట్టలో దారుల్లాగా రాగి గోడలో కంటికి కనపడని సొరంగాలు పడతాయట, ఇంగ్లీషు పేరులో కూడా చీమల పుట్టే ఉంది, ఫార్మికరీ కరోజన్. మాది కచ్చితంగా అదేనని ల్యాబ్‌లో చూపిస్తే తప్ప ఎవరూ చెప్పలేరు, కానీ ఒకే కాయిల్‌లో ఇన్నిచోట్ల సన్న కన్నాలు పడటం చూస్తే నాకు ఆ మెకానిక్ మాటే నిజమనిపిస్తోంది. వెనిగర్ కలిపిన నీళ్ళు కాయిల్ మీద కొడితే బాగా శుభ్రపడుతుందని సలహాలు తిరుగుతుంటాయి చూడండి, వెనిగర్ అంటే ఎసిటిక్ యాసిడే. కొట్టకండి.

వెల్డింగ్ చేస్తే సరిపోదా అని అడిగాను. ఒక్క కన్నమే అయితే చేసేవాడినని, మూడుచోట్ల కారుతోందంటే మిగతా గొట్టం కూడా పలచబడి ఉంటుందని, ఇవాళ ఇది మూస్తే రెండు నెలల్లో పక్కది తెరుచుకుంటుందని చెప్పాడు. వెల్డింగ్‌కి 1,500, పైన గ్యాస్ డబ్బులు వేరే. కొత్త కాయిల్ అయితే కంపెనీ స్పేర్ 7,900, బయట దొరికే అల్యూమినియం కాయిల్ 5,000 లోపు. కొత్త ఏసీ అయితే ఆ రోజుల్లో ఇదే రకం 37 వేలు, అది అప్పటి 28 శాతం జీఎస్టీతో కలిపి, బిగించడానికి మళ్ళీ వేరే. రాత్రి ఇంట్లో కూర్చుని లెక్కలేసుకున్నాం. కంప్రెసర్ మంచి కండిషన్‌లో ఉంది, దాని మీద ఇంకా దాదాపు ఏడేళ్ళ వారంటీ ఉంది. అందుకని రాగి కాయిల్, కంపెనీ స్పేర్‌కే వెళ్ళాం.

9న ఆర్డర్ పెట్టాడు, సగం అడ్వాన్స్. నాలుగు రోజుల్లో వస్తుందన్నాడు. అక్కడే ఎవరం ఊహించనిది అడ్డొచ్చింది: 10న సింహాచలం చందనోత్సవం, 13న పోలింగ్. ఊరు ఊరంతా సొంతూళ్ళకి వెళ్ళిపోయింది. మెకానిక్‌ది పలాస దగ్గర పల్లెటూరు, ఓటు వేయడానికి 11నే వెళ్ళాడు. డీలర్ షాపులో కుర్రాళ్ళు లేరు, పార్సిల్ ట్రాన్స్‌పోర్ట్ గోడౌన్‌లోనే ఉండిపోయింది. అతని మీద కోపం రాలేదు, ఓటు మేమూ వేశాం. కానీ ఆ వారం గోడ మీద ఏసీ ఉండాల్సిన చోట రెండు పైపులు టేపు చుట్టుకుని వేలాడుతుంటే, అమ్మ విసనకర్రతో విసురుకుంటుంటే, చూడలేకపోయాను. కట్టు పోయి కుట్లు ఆరిపోయినా ఆ చెమటకి మోకాలి చుట్టూ పేలినట్టయింది, మళ్ళీ డాక్టర్‌కి చూపించి పౌడర్ రాయించుకోవాల్సి వచ్చింది. పాప మాస్టారు వాళ్ళింట్లో, వాళ్ళ ఏసీ గదిలో కూర్చుని రివిజన్ చేసుకుంది. ఆయన భార్య రోజూ మజ్జిగ ఇచ్చి మరీ చదివించారు. ఆ రుణం తీరేది కాదు. 16న పరీక్ష అయిపోయింది, ఏసీ ఇంకా రాలేదు.

కాయిల్ 17న చేతికొచ్చింది, 19 ఆదివారం బిగించాడు. ఫిట్టింగ్, గ్యాస్ కలిపి 4,500. ఈసారి పద్ధతిగా జరిగింది కాబట్టి ఎలా జరగాలో మీరు పోల్చుకోవచ్చు. కొత్త కాయిల్ బిగించాక మళ్ళీ నైట్రోజన్ 300 పట్టి గంటసేపు వదిలేశాడు, ముల్లు కదల్లేదు. ఆ నైట్రోజన్, బయట యూనిట్‌లో మిగిలిన పాత గ్యాస్ కూడా తీసేసి వ్యాక్యూమ్ పంప్ పెట్టాడు, ముల్లు సున్నా కిందకి పూర్తిగా పడిపోయాక కూడా అరగంట నడిపించాడు, పైపుల్లో మిగిలిన గాలి, తేమ పోవడానికి. పంప్ ఆపి ఇంకో పదిహేను నిమిషాలు ముల్లు లేస్తుందేమో చూశాడు. తర్వాత సిలిండర్‌ని తూకం మీద పెట్టి, అవుట్‌డోర్ యూనిట్ స్టిక్కర్ మీద రాసిన బరువెంతో నాకు చూపించి అంతే ఎక్కించాడు. మాది ఆర్32 గ్యాస్, స్టిక్కర్ మీద 0.78 కిలో. ఆ గ్యాస్‌కి కొద్దిగా మండే గుణం ఉంది కాబట్టి కిటికీలు తెరిపించాడు, దేవుడి దగ్గర దీపం కొండెక్కేదాకా ఆగాడు. అమ్మ "దీపం ఆర్పడమేంటి నాయనా" అంది గానీ, ఆరనిచ్చాకే మొదలుపెట్టాడు.

సాయంత్రం థర్మామీటర్ పెడితే గదిలో 29, ఏసీ గాలి 15. రాత్రికి నాలుగు యూనిట్లు. నెల దాటాక కూడా చూశాను, అంతే ఉంది.

వెళ్ళేముందు రెండు మాటలు చెప్పాడు, రెండూ పాటిస్తున్నాం. సముద్రం దగ్గర ఉన్నవాళ్ళు అవుట్‌డోర్ యూనిట్‌ని నెలకోసారి మామూలు మంచినీళ్ళతో కడగాలి, పవర్ ఆపేసి, ఫిన్స్ వంగకుండా నెమ్మదిగా. ఉప్పు పేరుకోకుండా ఉంటే చాలు, కెమికల్స్ అక్కర్లేదు. రెండోది, బెడ్‌రూమ్ కిటికీలు రోజూ పొద్దున్న గంటైనా తెరవాలి, వార్డ్‌రోబ్ తలుపులతో సహా. కొత్తగా వుడ్ వర్క్ చేయించుకునేవాళ్ళు వాసన పోయేదాకా గది మూసి ఏసీ వేసుకోవద్దని నేను కలుపుతున్నాను. పాత కాయిల్ "మీదే సార్, రాగికి డబ్బులొస్తాయి" అని వదిలి వెళ్ళాడు. చాలామంది మెకానిక్‌లు చెప్పకుండా పట్టుకుపోతారట.

ఇక 1915 సంగతి. మే 20 తర్వాత కంపెనీ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, ఉచితంగా ఒకసారి గ్యాస్ నింపి కంప్లయింట్ మూసేస్తామన్నారు. నాకు గ్యాస్ అవసరం లేదు, లీక్ చూడకుండా నింపి ఫుల్ ఛార్జ్ అని బిల్లు ఇచ్చారు కాబట్టి ఆ డబ్బు వెనక్కివ్వమన్నాను. మెకానిక్ రాసిచ్చిన టెస్ట్ కాగితం, టబ్‌లో బుడగల వీడియో పంపాను. రెండు మూడు ఫోన్లు, ఒక సూపర్‌వైజర్, మళ్ళీ అదే కథ చెప్పడం. జూన్ 11న 3,300 ఖాతాలో పడింది. విజిటింగ్ ఛార్జీ 590 ఇవ్వలేదు, దాని కోసం ఇంక పోట్లాడలేదు. దానితో పాటు లీక్ టెస్ట్ 1,000, కాయిల్ 7,900, ఫిట్టింగ్ 4,500, అన్నీ కలిపి 13,990 అయింది. కాయిల్‌కి ఆరు నెలలు, గ్యాస్‌కి ఏడాది అని మెకానిక్ బిల్లు మీద చేత్తో రాసి సంతకం పెట్టాడు. లీక్ అయినా సరే వర్తిస్తుందని కూడా అందులోనే రాయించాను.